ట్యూబ్ ఆంప్ చవకగా రావాలంటే హెడ్‌ఫోన్స్ 300 ఓమ్స్ ఉండాలి

మా తాతగారింట్లో వాల్వు రేడియో ఉండేది. స్విచ్చి తిప్పాక అర నిమిషం దాకా పలికేది కాదు. వెనక అట్ట చిల్లుల్లోంచి లోపల ఎర్రగా రాజుకోవడం కనిపించేది, ఆ తర్వాతే విజయవాడ కేంద్రం గొంతు మెల్లగా పైకి తేలేది. ఆ రేడియో ఎప్పుడో పాత సామాన్లవాడి తోపుడుబండి ఎక్కింది. ఇప్పుడు అదే వాల్వుని ట్యూబ్ అని పిలుస్తూ, హెడ్‌ఫోన్స్‌కి సౌండు పెంచి ఇచ్చే ఆంప్ (ఆంప్లిఫయర్) రూపంలో వేలకు వేలు పోసి తెచ్చుకుంటున్నాం. నేనూ తెచ్చుకున్నాను. మొదటిసారి తెచ్చుకున్నది తప్పు.

అరచేతిలో పట్టేంత పెట్టె, పైన రెండు చిన్న ట్యూబులు, నారింజ రంగు వెలుగు. ఫొటోలో చూసి మనసు పారేసుకున్నాను. ఇంటికొచ్చాక ఒక రాత్రి లైట్లు తీసేసి తీరిగ్గా చూస్తే, వెలుగుతున్నది ట్యూబ్ కాదు, దాని సాకెట్టు నడిమధ్య గుచ్చిన ఎల్‌ఈడీ. 300 ఓమ్స్ హెడ్‌ఫోన్స్ పెట్టి వింటే, ల్యాప్‌టాప్‌కి నేరుగా తగిలించి విన్నదానికీ దీనికీ నాకు తేడా దొరకలేదు. ఆ తర్వాత కూర్చుని లెక్కలు వేసుకుంటే తెలిసింది, నేను ప్రశ్నే తిరగేసి అడిగానని. "ఏ ట్యూబ్ ఆంప్ మంచిది" అనే మాట తర్వాత. నా హెడ్‌ఫోన్స్ ఏం అడుగుతున్నాయన్నది ముందు తేలాలి.

ప్రెషరా, నీళ్లా?

పొలంలో మందు కొట్టే స్ప్రేయర్ ఉంటుంది, మడికి నీళ్లు పారించే కాలువ ఉంటుంది. స్ప్రేయర్‌కి ప్రెషర్ కావాలి, నీళ్లు కొన్ని చాలు. కాలువకి ప్రెషర్‌తో పని లేదు, నీళ్లు మాత్రం దండిగా రావాలి. హెడ్‌ఫోన్స్ కూడా అలా రెండు రకాలు. ప్రెషర్ అంటే వోల్టేజి, నీళ్లంటే కరెంటు. ఇంపీడెన్స్ అంటే కరెంటుకి హెడ్‌ఫోన్స్ పెట్టే అడ్డు, దాని కొలత ఓమ్స్. ఇంపీడెన్స్ ఎక్కువున్న హెడ్‌ఫోన్స్ స్ప్రేయర్ లాంటివి.

సెన్‌హైజర్ హెచ్‌డీ 600, హెచ్‌డీ 650, 2016లో సగం ధరకే వచ్చిందని అందరూ ఎగబడ్డ హెచ్‌డీ 6ఎక్స్‌ఎక్స్, ఇవన్నీ 300 ఓమ్స్. బేయర్‌డైనమిక్ డీటీ 880 అయితే 32, 250, 600 ఓమ్స్ అని మూడు రకాలుగా వచ్చింది. అంత ఎక్కువ ఓమ్స్ ఎందుకంటే, లోపలి వాయిస్ కాయిల్‌ని వెంట్రుకలాంటి సన్నటి తీగతో ఎక్కువ చుట్లు చుడతారు. తీగ సన్నబడి పొడవు పెరిగే కొద్దీ ఓమ్స్ పెరుగుతాయి. స్టూడియోల్లో ఒకే ఆంప్‌కి నాలుగైదు జతలు తగిలించినా ఇబ్బంది రాకపోవడం ఇంకో సౌకర్యం.

ఇప్పుడు కొంచెం అంకెలు. హెచ్‌డీ 650కి ఒక వోల్టు ఇస్తే 103 డెసిబెల్స్ వస్తుందని కంపెనీ లెక్క. పాటలో ఒక్క క్షణం మోగి పోయే మృదంగం దెబ్బల్లాంటి శిఖరాలకి 110 డెసిబెల్స్ దాకా చోటు ఉంచుకుందాం. దానికి కావలసింది 2.2 వోల్టులు, 7.5 మిల్లీ ఆంపియర్లు. పవర్ అంటారా, 17 మిల్లీ వాట్లు. వాటు కాదు, అందులో అరవయ్యో వంతు. 600 ఓమ్స్ డీటీ 880కి అదే పని చేయాలంటే 3.9 వోల్టులు, 6.5 మిల్లీ ఆంపియర్లు కావాలి. వోల్టులు పెరిగాయి, కరెంటు ఇంకా తగ్గింది.

దీని పక్కన కాలువలాంటి హెడ్‌ఫోన్స్ ఒకటి పెట్టి చూడండి. హైఫైమాన్ హెచ్‌ఈ-6 అని మొండితనానికి పేరుపడ్డ ప్లానార్ (కాయిల్ బదులు పలచటి పొర మీద తీగలు పరిచి చేసే రకం) ఒకటుంది. 50 ఓమ్స్, ఒక మిల్లీ వాటుకి 83.5 డెసిబెల్స్. 110కి చేరాలంటే 4.7 వోల్టులు చాలు, అంటే 600 ఓమ్స్ బేయర్ కంటే కాస్తే ఎక్కువ. కానీ కరెంటు 95 మిల్లీ ఆంపియర్లు మింగుతుంది, దాదాపు పద్నాలుగు రెట్లు. "నడపడం కష్టం" అని రెండిటినీ ఒకే గాటన కట్టేస్తారు గానీ, ఒకదానిది దాహం, ఇంకోదానిది ఆకలి.

(110 డెసిబెల్స్ అన్నాను కదా అని ఆ సౌండులో పాటంతా వినకండి. అది క్షణకాలపు శిఖరానికి వదిలిన జాగా. సగటున 80 దగ్గర వారానికి 40 గంటలు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది.)

ఒక చేదు నిజం ఇక్కడే చెప్పేస్తాను. సౌండు చాలడం ఒక్కటే మీ సమస్య అయితే ట్యూబ్ అక్కర్లేదు. 32 ఓమ్స్‌కి ఒక వాటు ఇస్తానని రాసుకున్న మామూలు ట్రాన్సిస్టర్ ఆంప్ అంటే 5.6 వోల్టులు ఇవ్వగలదన్నమాట. అదే వోల్టేజి 300 ఓమ్స్‌కి పెడితే 107 మిల్లీ వాట్లు, మనకి కావలసినదానికి ఆరు రెట్లు. అలాంటివి ట్యూబ్ ఆంప్ ధరలో మూడో వంతుకి దొరుకుతాయి. ట్యూబ్ కొనేది దాని రుచి కోసం. ఆ రుచి ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే ధర సంగతి కూడా తేలుతుంది.

లేని ట్రాన్స్‌ఫార్మర్‌లో ఉన్న లాభం

ట్యూబ్ లోపల జరిగేది తేలిక. హీటర్ కాథోడ్‌ని కాలుస్తుంది, కాలిన కాథోడ్ ఎలక్ట్రాన్లను వెదజల్లుతుంది, ఎక్కువ వోల్టేజి మీదున్న ప్లేటు వాటిని లాక్కుంటుంది. 1904లో ఫ్లెమింగ్ చేసింది అంతవరకే. 1906లో లీ డి ఫారెస్ట్ ఆ రెండిటి నడుమ గ్రిడ్ అనే తీగ పెట్టాడు. గ్రిడ్ మీద చిన్న కదలిక ప్లేటు దగ్గర పెద్ద కదలికవుతుంది. ఆంప్లిఫయర్ అంటే అదే. ఈ ఏర్పాటు వోల్టులని పదులకొద్దీ ఊపేస్తుంది గానీ, సుళువుగా ఇచ్చే కరెంటు కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు దాటదు. అంటే ట్యూబ్ పుట్టుకతోనే స్ప్రేయర్ పంపు.

8 ఓమ్స్ స్పీకర్ కాలువ. పంపుకీ కాలువకీ సంబంధం కలపాలంటే మధ్యవర్తి కావాలి, ఆ మధ్యవర్తే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. వోల్టులు తగ్గించి కరెంటు పెంచి ఇస్తుంది. చిక్కేమిటంటే మంచి ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చవకగా రాదు. అడుగు బాస్ చెడకుండా రావాలంటే ఇనుము ఎక్కువ పడాలి, పై ట్రెబుల్ చెడకుండా ఉండాలంటే చుట్టడంలో పనితనం కావాలి. ట్యూబ్ ఆంప్ ధరలో పెద్ద ముక్క ఆ ఇనుముదీ ఆ చేతిదీ. ధర తగ్గించాలనుకున్న తయారీదారు మొట్టమొదట కత్తెర వేసేది అక్కడే.

మరి ట్రాన్స్‌ఫార్మర్ తీసేస్తే? అలా చేసిన ఆంప్‌నే ఓటీఎల్ అంటారు, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లెస్ అని. (కరెంటు ప్లగ్గు దగ్గరుండే పవర్ ట్రాన్స్‌ఫార్మర్ దీనికీ ఉంటుంది.) 1950ల్లో అమెరికాలో జూలియస్ ఫుటర్‌మన్ స్పీకర్లకి ఈ పద్ధతి పట్టుకొచ్చాడు. స్పీకర్‌కి చాలినంత కరెంటు కోసం ట్యూబులని గుంపులుగా పెట్టాల్సి వచ్చేది, వేడి, ఖర్చు తడిసి మోపెడు. హెడ్‌ఫోన్స్ దగ్గర కథ తిరగబడింది. 300 ఓమ్స్ వాటికి ఏడెనిమిది మిల్లీ ఆంపియర్లు చాలు కదా, ఒక్క ట్యూబ్‌లో ఉన్న రెండు సగాలు ఎడమకొకటి, కుడికొకటి పంచుకుంటే పని జరిగిపోతుంది. ఖరీదైన భాగం పోయింది, నష్టపోయింది ఏమీ లేదు.

నా ఉద్దేశంలో ఈ వ్యవహారం మొత్తానికి కీలకం ఇక్కడుంది. ట్యూబ్ ఆంప్‌ని చవకగా, మోసం లేకుండా చేయగలిగిన సందర్భాలు అరుదు. ఎక్కువ ఇంపీడెన్స్ హెడ్‌ఫోన్స్ అందులో ఒకటి. ఆంప్ చవకవడానికి కారణం కంపెనీ దయ కాదు, మీ హెడ్‌ఫోన్స్. 32 ఓమ్స్ ప్లానార్ ఉన్నవాళ్లకి అదే ఓటీఎల్ దండగ.

ఎందుకు దండగో కూడా చూద్దాం. ఓటీఎల్‌లో ట్రాన్స్‌ఫార్మర్ బదులు ఔట్‌పుట్ దారిలో ఒక కెపాసిటర్ ఉంటుంది, ట్యూబ్ మీది డీసీ మీ చెవుల దాకా రాకుండా. ఆ కెపాసిటరూ, మీ హెడ్‌ఫోన్సూ, ఆంప్ సొంత ఇంపీడెన్సూ కలిసి బాస్ ఎక్కడ జారడం మొదలవాలో నిర్ణయిస్తాయి. 47 మైక్రో ఫారడ్ కెపాసిటర్, 50 ఓమ్స్ ఔట్‌పుట్ ఉన్న ఆంప్ అనుకోండి. 300 ఓమ్స్ తగిలిస్తే ఆ హద్దు 10 హెర్ట్జ్ దగ్గర, చెవికి అందనంత కింద. 32 ఓమ్స్ తగిలిస్తే 41 హెర్ట్జ్‌కి ఎగబాకుతుంది. తవిల్‌లో ఉన్న బరువు అక్కడే పోతుంది. కరెంటు చాలక శిఖరాలు తెగిపోవడం దానికి అదనం.

రుచిలో సగం ఎక్కడిది

ట్యూబ్ సౌండు "వెచ్చగా" ఉంటుందంటారు. ఆ మాట విని విని నాకు విసుగు. కానీ దాని వెనక కొలవగలిగిన సంగతి ఒకటుంది, దాన్ని ఎక్కువమంది పట్టించుకోరు. అది ఔట్‌పుట్ ఇంపీడెన్స్, అంటే కరెంటు బయటికొచ్చే దారిలో ఆంప్ తానే పెట్టే అడ్డు.

300 ఓమ్స్ అని పెట్టె మీద రాసినా హెచ్‌డీ 650 అన్ని స్వరాల దగ్గరా 300 కాదు. 100 హెర్ట్జ్ చుట్టుపక్కల, డ్రైవర్ తనంతట తాను ఊగాలనుకునే చోట, 500 దాకా ఎక్కుతుంది. ఆంప్ ఔట్‌పుట్ ఇంపీడెన్స్ సున్నాకి దగ్గరగా ఉంటే ఈ మిట్ట వల్ల ఏమీ కాదు. కానీ 120 ఓమ్స్ ఉందనుకోండి. 300 ఉన్న చోట హెడ్‌ఫోన్స్‌కి వోల్టేజిలో 71 శాతం అందుతుంది, 500 ఉన్న చోట 81 శాతం. తేడా ఒక డెసిబెల్. అంటే మగవాళ్ల గొంతు అడుగు, వీణ మందర తీగ, డోలు ఉండే ప్రాంతం ఒక డెసిబెల్ పైకి లేచింది. పక్కపక్కన పెట్టి వింటే తెలిసిపోయేంత, మామూలుగా వింటే "ఏదో నిండుగా ఉందే" అనిపించేంత. అమెరికాలో బాటిల్‌హెడ్ వాళ్లు కిట్‌గా అమ్మే క్రాక్ అనే ఓటీఎల్‌కి ఔట్‌పుట్ ఇంపీడెన్స్ సుమారు 120 ఓమ్సే. ఆ ఆంపూ హెచ్‌డీ 650ల జోడీకి వచ్చిన పేరులో కొంత వాటా ఈ ఒక్క డెసిబెల్‌ది అని నా నమ్మకం.

ఇది నిజమో కాదో మీరే చూసుకోవచ్చు, ఖర్చు చాయ్ డబ్బులు. మామూలు ట్రాన్సిస్టర్ ఆంప్‌కీ హెడ్‌ఫోన్స్‌కీ మధ్య ఒక ఎక్స్‌టెన్షన్ వైరు తయారు చేసుకోండి. ఎడమ తీగలో ఒక 120 ఓమ్స్ రెసిస్టర్, కుడి తీగలో ఒకటి, గ్రౌండు తీగ నేరుగా. పావు వాటు మెటల్ ఫిల్మ్ రకం చాలు. నేను హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లి అడిగితే, "రెండేనా అన్నా? పది తీస్కో" అని చేతిలో పెట్టాడు. మిగిలిన ఎనిమిది ఇంకా సొరుగులో ఉన్నాయి. వినేటప్పుడు ఒక జాగ్రత్త: రెసిస్టర్ వల్ల సౌండు దాదాపు మూడు డెసిబెల్స్ తగ్గుతుంది, వాల్యూమ్ ఆ మేరకు పెంచి పోల్చండి. లేకపోతే బిగ్గరగా ఉన్నదే బాగున్నట్టు చెవి తీర్పు చెప్పేస్తుంది. ఆ మార్పు నచ్చితే ఔట్‌పుట్ ఇంపీడెన్స్ ఎక్కువున్న ఓటీఎల్ మీకు నచ్చే అవకాశం గట్టిగా ఉంది. నచ్చకపోతే ఇరవై వేలు మిగిలాయి.

600 ఓమ్స్ బేయర్‌లో ఆ మిట్ట ఇంత ఎత్తు ఉండదు, పైగా 600 ముందు 120 చిన్నది. కాబట్టి ఈ ప్రభావం బాగా పలచబడుతుంది. హెచ్‌డీ 650 వాళ్లు మెచ్చుకున్న ఆంప్ బేయర్ వాళ్లకి "తేడా ఏముంది?" అనిపించడానికి ఒక కారణం ఇదే. ఔట్‌పుట్ ఇంపీడెన్స్ హెడ్‌ఫోన్స్ ఇంపీడెన్స్‌లో ఎనిమిదో వంతు మించకూడదని ఒక నియమం చలామణిలో ఉంది. ఉన్నదున్నట్టు వినాలనుకునేవాళ్లకి మంచి నియమమే. 300కి ఎనిమిదో వంతు 37. మనం కావాలనే దాన్ని దాటుతున్నాం, తెలిసి దాటితే తప్పు లేదు.

మిగతా సగం హార్మోనిక్స్. ట్రయోడ్ ట్యూబ్ (కాథోడ్, గ్రిడ్, ప్లేటు మూడే ఉన్నది) ఒక్కటే పని చేస్తున్నప్పుడు, అసలు పాటలో లేకుండా అది కలిపే వక్రతలో ఎక్కువ భాగం రెండో హార్మోనిక్, అంటే ఇచ్చిన స్వరానికి రెట్టింపు. సంగీతం భాషలో షడ్జం ఇస్తే దానికి పై స్థాయి షడ్జం సన్నగా తోడు పలుకుతుంది. మూడో హార్మోనిక్ ఆ పై స్థాయి పంచమం. ఐదోది ఇంకో స్థాయి పైన అంతర గాంధారం, మంచి తంబూరాలో దాన్ని స్వయంభూ గాంధారం అని చెవులు రిక్కించి వింటాం. ఏడోది ఏ స్వరంలోనూ సరిగ్గా ఇమడదు. అందుకే రెండోది కాస్త ఎక్కువైనా చెవి ఓర్చుకుంటుంది, ఏడోది రవ్వంత ఉన్నా ముల్లులా గుచ్చుతుంది. అయితే మరీ ఊహించుకోవద్దు. ఒక శాతం రెండో హార్మోనిక్ అంటే అసలు స్వరం కంటే 40 డెసిబెల్స్ కింద ఉన్న నీడ. ఒంటరి గొంతు మీద తెలిసినట్టుంటుంది, నిండు ఆర్కెస్ట్రా నడుమ నాకైతే దొరకలేదు.

ఇక అంగట్లోకి

అందుబాటు ధర అంటే నా లెక్క ముప్పై వేల లోపు. అందులో మూడు జాతులు కనిపిస్తాయి.

హైబ్రిడ్: ముందు ట్యూబ్, చివర ట్రాన్సిస్టర్. ఔట్‌పుట్ ఇంపీడెన్స్ తక్కువ, ఏ హెడ్‌ఫోన్స్ అయినా నడుస్తాయి. అమెరికాలో షిట్ ఆడియో వాళ్ల వాలి వరస దీనికి ఉదాహరణ (పేరు చూసి తడబడకండి, 2010లో వాళ్లు తెలిసే పెట్టుకున్నారు). 300 ఓమ్స్ జత, 32 ఓమ్స్ జత రెండూ ఉన్నవాళ్లకి ఇదే మేలు. కానీ పైన చెప్పిన ఒక డెసిబెల్ దీంట్లో రాదు, హార్మోనిక్స్ నీడ ఒక్కటే వస్తుంది.

అలంకారపు ట్యూబ్: నేను మొదట కొన్న రకం. సిగ్నల్ నిజంగా ట్యూబ్‌లోంచి పోతుందో లేదో అనుమానం, పోయినా ప్లేటు మీద పన్నెండో ఇరవై నాలుగో వోల్టులు. వందకి పైన నడవాల్సిన ట్యూబ్‌ని అక్కడ నడిపితే పస్తుపెట్టి పని చేయించినట్టే. గుర్తుపట్టడానికి దారులు లేకపోలేదు. లోపలి బోర్డు ఫొటో ఎక్కడా చూపించకపోవడం ఒకటి. ట్యూబ్ వెలుగు గాజు అడుగు మొత్తం సమానంగా పరుచుకోవడం ఇంకోటి, నిజం హీటర్ నిప్పుకణికలా ఒక చోటే ఉంటుంది. ప్లేటు వోల్టేజి ఎంతో చెప్పకపోవడం మూడోది. 12 వోల్టుల అడాప్టర్‌తో వచ్చేవన్నీ బూటకం అనను, లోపల వోల్టేజి పెంచే సర్క్యూట్ పెట్టినవి ఉన్నాయి. ఉన్నవాళ్లు ఆ అంకె గొప్పగా చెప్పుకుంటారు.

ఓటీఎల్: మన అసలు సరుకు. చైనా డార్క్‌వాయిస్ 336ఎస్ఈ చాలామందికి మొదటి మెట్టు. ముందు 6ఎస్ఎన్7 అనే ట్యూబ్ ఒకటి, వెనక 6080 లేదా 6ఏఎస్7 అనే ట్యూబ్ ఒకటి. ఈ 6080 పుట్టింది సంగీతం కోసం కాదు, పవర్ సప్లైల్లో వోల్టేజి నిలకడగా ఉంచడానికి. తక్కువ వోల్టేజి దగ్గరే దండిగా కరెంటు వదులుతుంది కాబట్టి హెడ్‌ఫోన్స్ వాళ్లు ఎత్తుకొచ్చారు. క్రాక్‌లో కూడా అదే 6080, ముందు 12ఏయూ7. అదే చైనా నుంచి లిటిల్ డాట్, పోలెండ్ నుంచి ఫెలిక్స్ ఆడియో వాళ్ల ఎకో ఈ వరసలోవే, చివరిదానికి ముప్పై వేలు చాలవు. ఓటీఎల్ అన్నంత మాత్రాన ఔట్‌పుట్ ఇంపీడెన్స్ ఎక్కువే ఉండాలని లేదు. షిట్ వాళ్ల వల్హల్లా 2 కూడా ఓటీఎల్, ట్యూబులని కలిపిన తీరు వేరు కావడం వల్ల దానిది 14 ఓమ్స్, తక్కువ గెయిన్‌లో (సిగ్నల్‌ని తక్కువ రెట్లు పెంచే సెట్టింగులో) 3.5. "ఓటీఎల్ కావాలి" అన్న మాట చాలదు, ఆ అంకె అడగాలి.

స్పెసిఫికేషన్లలో నేను చూసేవి ఇంతే. 300 ఓమ్స్ దగ్గర ఎన్ని మిల్లీ వాట్లు అన్నది మొదటిది, 32 దగ్గర అంకె నాకెందుకు? యాభై ఉంటే హాయి. ఔట్‌పుట్ ఇంపీడెన్స్ రెండోది. మూడోది ఎవరూ అడగని గెయిన్. డ్యాక్‌లోంచి (డిజిటల్ పాటని ఆంప్‌కిచ్చే సిగ్నల్‌గా మార్చే పెట్టె) మామూలుగా 2 వోల్టులు వస్తాయి. 600 ఓమ్స్ బేయర్‌కి కూడా 4 వోల్టులు చాలన్నాం, అంటే రెండింతలు పెంచితే చాలు. కానీ ఈ చవక ఆంపులు పది, పదిహేను రెట్లు పెంచుతాయి. దాంతో వాల్యూమ్ నాబ్ ఏడు గంటల నుంచి తొమ్మిది గంటల మధ్యే తిరుగుతూ ఉంటుంది. ఆ నాబ్ తిప్పే చవక పొటెన్షియోమీటర్లలో కుడి ఎడమలు సరిగ్గా సమానంగా ఉండని చోటు సరిగ్గా అదే. పాడే మనిషి గొంతు నడిమధ్య కాకుండా కాస్త ఎడమ చెవి పక్కకి జరిగి పాడుతుంటే ఆంప్ పాడైందని కంగారు పడకండి. డ్యాక్ వాల్యూమ్ తగ్గించి, నాబ్‌ని పన్నెండు గంటలకి తీసుకురండి.

కొన్ని నెలలకి ట్యూబులు మార్చే పిచ్చి ఎక్కుతుంది. ఎక్కాక దిగదు. ఆంప్ ధరని మించి ట్యూబుల మీద పోసినవాళ్లని చూశాను. రెండు సంగతులు మాత్రం గుర్తుంచుకోండి. సాకెట్టులో దూరింది కదా అని ఏదీ పెట్టకూడదు. 12ఏయూ7, 6922 రెండూ తొమ్మిది కాళ్లవే, చూడ్డానికి అక్కచెల్లెళ్లు, కానీ హీటర్ వైరింగ్ వేరు. ఒకదాని చోట ఇంకోటి పెడితే ట్యూబో ఆంపో పోతుంది. రెండోది, 12ఏయూ7 బదులు 12ఏఎక్స్7 పెడితే వైరింగ్ కలుస్తుంది గానీ గెయిన్ ఐదింతలవుతుంది, పైన చెప్పిన నాబ్ బాధ ఐదింతలవుతుంది. కొత్తవి కావాలంటే స్లొవేకియాలో జేజే, రష్యాలో సరాతోవ్ ఫ్యాక్టరీ, చైనా వాళ్లు ఇప్పటికీ చేస్తున్నారు. మన బెంగళూరు బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) కూడా 1961 నుంచి రేడియో వాల్వులు చేసేది. పాత రేడియో మెకానిక్కుల అటకల మీద ఇంకా తగులుతుంటాయి.

మన కరెంటు, మన ఎండ

అమెరికా నుంచి చుట్టాల చేత తెప్పించుకుంటే మొదటి ప్రశ్న: ఇది 115 వోల్టులదా, 230దా? ట్యూబ్ ఆంపుల్లో ఫోన్ చార్జర్ లాగా రెండిటికీ సర్దుకునే పవర్ సప్లై అరుదు. 115ది మన ప్లగ్గులో పెడితే పొగే. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా, 60 హెర్ట్జ్‌కి చేసిన ఇనుము మన 50 హెర్ట్జ్ మీద ఇంకాస్త వేడెక్కుతుంది. తెప్పించేటప్పుడే 230 రకం అడగండి. కస్టమ్స్, ఐజీఎస్టీ, కొరియర్ కలిపి ఎంతవుతుందో ముందే లెక్కేసుకోండి. ఫ్యాక్టరీ ధర చూసి చంకలు గుద్దుకున్నవాళ్లు ఇంటికొచ్చిన బిల్లు చూసి మొహం వేలాడేస్తారు.

పల్లెటూళ్లలో సాయంత్రాలు వోల్టేజి 190కి పడిపోవడం మనకి వింత కాదు. అప్పుడు 6.3 వోల్టులు అందాల్సిన హీటర్‌కి 5.2 అందుతుంది. పది శాతం అటూ ఇటూ అయితే ట్యూబ్ తట్టుకుంటుంది, ఇది పదిహేడు శాతం. టీవీకి పెట్టే చిన్న స్టెబిలైజర్ ఒకటి పెట్టేయండి. మూడో పిన్నుకి సరైన ఎర్తింగ్ ఉండాలి. ఈ పెట్టెల్లో వంద నుంచి మూడొందల వోల్టుల డీసీ ఉంటుంది, స్విచ్చి తీశాక కూడా కెపాసిటర్లు ఆ చార్జిని కాసేపు దాచుకుంటాయి. అడుగు మూత విప్పి చూడాలన్న సరదా ఉంటే తెలిసినవాళ్లని పక్కన పెట్టుకోండి. కిట్ తెచ్చి సోల్డరింగ్ నేర్చుకుందామనుకునేవాళ్లకి ఇది మరీ ముఖ్యం.

హమ్ వస్తే, అంటే అడుగున సన్నగా గుయ్ అని మోత ఉంటే, ముందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. సగం కేసుల్లో అక్కడే పోతుంది. పోకపోతే ట్యూబ్ మార్చి చూడండి. అప్పటికీ పోకపోతే పవర్ సప్లై వడపోత చాలలేదన్నమాట, వారంటీలో ఉండగానే వెనక్కి పంపండి. అందుకే కొన్న మొదటి రోజు పాటలు వినడం కాదు, పాటేమీ పెట్టకుండా నిశ్శబ్దాన్ని పది నిమిషాలు వినండి. ఆన్ చేశాక నిమిషం ఆగి హెడ్‌ఫోన్స్ తలకి పెట్టుకోండి. ఔట్‌పుట్ కెపాసిటర్ నిండేటప్పుడు వచ్చే దబ్బు శబ్దం చెవి దగ్గర బాగుండదు.

ఇక వేడి. 6080 ఒక్కదాని హీటరే పదహారు వాట్లకి దగ్గర. 6ఎస్ఎన్7ది నాలుగు, ప్లేట్లలో పోయేది పైన. మొత్తం కలిపితే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌ని బల్ల మీద ఆన్ చేసి వదిలేసిన దానికంటే ఎక్కువే. డిసెంబరులో చేతులు కాచుకోవచ్చు. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి, ఫ్యాన్ కూడా వేడిగాలే తిప్పుతున్నప్పుడు, నా ఓటీఎల్ మీద గుడ్డ కప్పేస్తాను. జూన్‌లో వాన పడేదాకా మామూలు ట్రాన్సిస్టర్ ఆంప్, దాని ముందు కోఠీలో కొన్న ఆ రెండు రెసిస్టర్లు. తొలకరి పడ్డ సాయంత్రం గుడ్డ తీసి, స్విచ్చి వేసి, అర నిమిషం ఆగుతాను.